కురవని కప్పు

గీదంలో మా ఆఫీసు వెనకింటివాళ్లు డాబా మీద ఇప్పపువ్వు ఆరబోశారు. కిటికీ తెరిస్తే చాలు, ఆ తియ్యటి, పులిసిన, కాస్త మత్తెక్కించే వాసన నేరుగా నా బల్ల దాకా వచ్చేస్తుంది. నేనేమో కంప్యూటర్ ముందు కూర్చుని ‘ఈ గ్రామ ప్రజల అవసరాలు వివరించండి’ అన్న గడి నింపలేక తల గోక్కుంటూ ఉంటాను. చిన్న స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం నాది. పల్లెల్లో ఏ కార్యక్రమాలు పెట్టాలో ఆలోచించడం, వాటికి నిధులిమ్మని ఎక్కడెక్కడి పెద్ద సంస్థలకో ప్రతిపాదనలు రాయడం నా పని. “జీతమిచ్చి మరీ అడుక్కోమంటున్నరు నిన్ను” అని మా చెల్లెలు రాజి ఎగతాళి చేస్తుంది. చేయనీ. మొన్న ఆ గడి ముందు కూర్చుని, ఉసూరు అవతల అడవి అంచున ఉన్న మా ఊరికి, ఎనిమిదేళ్ల పిల్లనై వెళ్లిపోయాను.

మా ఊళ్లో ఎండాకాలం ఇప్పపువ్వుతో మొదలయ్యేది. ఏ ఇంటి చెట్లు ఆ ఇంటివే. చెట్టు కింద ఎండాకులు ఊడ్చి కాల్చి, నేల నున్నగా చేసి, తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని పోతే, రాలిన పువ్వు తడితడిగా, మెత్తగా వేళ్లకు తగిలేది. ఏరినంత ఏరి, తిన్నంత తిని, జిగురు చేతులు లంగాకే తుడుచుకునేవాళ్లం. ఆ వెనకే చింతపండు, తర్వాత తునికాకు, తొలివాన పడగానే పుట్టకొక్కులు, ఎర్రచీమల పచ్చడి, ఆపైన నాట్లు. ఏ కాలం చూసినా ఊళ్లో తల్లులుండరు, అడవిలోనో పొలంలోనో ఉంటారు. మా నాయినమ్మ కూడా ఆ వయసులో గంప నెత్తిన పెట్టుకుని అందరికన్నా ముందు నడిచేది. మరి పసిపిల్లలను ఎత్తేదెవరు? ఇంకెవరు, అక్కలే. ఆడపిల్లకు నడుమంటూ ఒకటి ఏర్పడితే చాలు, దాని మీదికి ఒక తమ్ముడో చెల్లెలో వచ్చి కూర్చునేవాళ్లు.

నా నడుము మాత్రం ఖాళీగా ఉండేది. కారణం పసిపిల్లలను చూసుకునే బాలవాడి. మా ఇంటి పక్కన ఒక మట్టి గది, గడ్డి కప్పు, దూలానికి పాత చీరల ఉయ్యాలలు, పొయ్యి మీద ఉడుకుతున్న గోధుమరవ్వ దలియా వాసన, పాలు కక్కిన గుడ్డల వాసన. పొద్దున్నే రాజిని అందులో దించేసి, పలక పట్టుకుని బడికి పరుగెత్తేదాన్ని. ఇంట్లో తెలుగు, ఆటల్లో అడవి పల్లెల దోర్లి భాష, బడిలో సర్కారు హిందీ. నాకు హిందీ అక్షరాల మీద గీత గీయడమంటే ఎంత ఇష్టమో! అక్షరాలన్నీ ఒక తాడుకు వేలాడినట్టు కనిపించేవి.

ఆ బాలవాడిని నడిపించే సంస్థ తరఫున లలితక్క వచ్చేది. బచేలి గనుల కాలనీలో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ల నాన్న ఆంధ్రా నుంచి గని పనికి వచ్చినాయన. జారిపోయే చీర కొంగు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. వానాకాలం రాకముందే బాలవాడికి ఇచ్చే నిధులు అయిపోతాయని, కొత్తగా అడిగితే తప్ప నడవదని చెప్పి, మా అరుగు మీద ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ప్రతిపాదన రాసింది. కప్పు కురుస్తోంది, పడుకోవడానికి చాపలు లేవు, తినడానికి పళ్లేలు లేవు, ఊరు బీదది. రాసిందంతా మళ్లీ తెలుగులో చదివి వినిపించింది. ఎవరూ కాదనలేదు. “ఇదంతా చూడ్డానికి ఢిల్లీ నుంచి ఇద్దరు వస్తారు” అంది చివర్లో. ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

ఆ చూపుకు అర్థం పాపం లలితక్కకు తెలియలేదు. ఆమె గీదం వెళ్లిన మర్నాడే మగవాళ్లంతా గడ్డి కోసుకొచ్చి బాలవాడి కప్పు కొత్తగా వేసేశారు. మా నాయినమ్మ ఇల్లిల్లూ తిరిగి మంచి చాపలు పోగుచేసింది, పెళ్లిళ్లకు తప్ప బయటికి తీయని కంచు పళ్లేలు తెప్పించి చింతపండుతో తోమించింది. గోడలకు ఎర్రమట్టి పూత, గుమ్మానికి మామిడాకులు. నాకు తల దువ్వి, ముఖానికి ఇంత పౌడరు రాసి నిలబెట్టారు. చుట్టాలొస్తున్నారు మరి!

చుట్టాలు వచ్చారు. జీపు దిగగానే కాళ్లకు నీళ్లిచ్చి, కొత్త చాపల మీద కూర్చోబెట్టి, కోడికూర, ఇప్పపువ్వు కలిపి వండిన చిక్కుడుగింజలు, సన్నబియ్యం అన్నం పెట్టారు. ఆ బియ్యం ఎవరింట్లో దాచినవో, ఎందుకు దాచినవో నాకు ఇప్పటికీ తెలియదు. లలితక్క కొత్త కప్పు వైపు చూసి నోరు తెరిచింది, పళ్లేల వైపు చూసి మూసేసింది. వచ్చినవాళ్లలో ఒకాయన చాలా మర్యాదగా, ఊళ్లో ఇబ్బందులేమిటని హిందీలో అడిగాడు. లలితక్క తెలుగులో చెప్పేలోపే, సంతల్లో హిందీ నేర్చిన మా నాయినమ్మ నిటారుగా కూర్చుని, “కుచ్ కమీ నహీ, సాబ్, ఏ లోటూ లేదు. ఇంకింత కూర వెయ్యండే ఆయనకు” అంది.

జీపు వెళ్లాక లలితక్క గడప మీద కూలబడింది.

“ఏంటమ్మా మీరు చేసిన పని! కప్పు కురుస్తోందని రాశాను కదా!”

“రాస్తే రాసినవ్ బిడ్డా. ఇంటికొచ్చిన సుట్టానికి కురిసే కప్పు సూపెడ్తమా ఏంది? సిగ్గుండదా మాకు?” అంది నాయినమ్మ.

లలితక్క ఏడ్చిందో నవ్విందో తెలియదు, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొన్నాళ్లకు కబురొచ్చింది. ఊరు చాలా బాగుంది, ఇంతకన్నా బీద ఊరికి ఇస్తాం అని. తొలివానలకు బాలవాడి మూతపడింది. కొత్త కప్పు ఒక్క చుక్క కూడా కురవలేదు. రాజి నా నడుము మీదికి వచ్చింది.

బడి కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. రాజి ఏడిస్తే గురూజీ కసిరేవాడు, మళ్లీ వచ్చేదాన్ని, మళ్లీ కసిరేవాడు. నాయినమ్మ మీద నాకు కడుపు మండిపోయింది. నీవల్లే నా చదువు పోయిందని ఒకరోజు మొహమ్మీదే అన్నాను. ఆమె నా తల ఒళ్లోకి లాక్కుని పేలు చూసింది. “నీ బాధ నాకెర్కలే అనుకోకు బిడ్డా” అంది. “అయినా వాళ్లు మళ్లొస్తే మళ్ల గట్లనే పెడ్త.” ఆ మాటకు ఇంకా మండింది. రాజి బడిలో కూర్చునే వయసుకొచ్చాక, నా భుజం దాకా కూడా రాని పిల్లల పక్కన నేనూ వెళ్లి కూర్చున్నాను.

నాయినమ్మ పోయి చాలా కాలమైంది. గడ్డి కప్పులు పోయాయి, రేకులొచ్చాయి. కంచు పళ్లేలు ఎప్పుడు ఎవరు అమ్మేశారో అడిగితే ఎవరూ చెప్పరు. నిరుడు మా ఊళ్లోనే బాలవాడి మళ్లీ తెరవాలని నేనే ప్రతిపాదన రాశాను, చూడ్డానికి వచ్చినవాళ్లను నేనే వెంటబెట్టుకుపోయాను. ఏమీ వండొద్దు, ఏమీ సర్దొద్దు, ఉన్నది ఉన్నట్టు చూపించండి అని ముందే ఫోన్‌లో చెప్పాను. ఆ చెప్పడం కూడా అక్కర్లేదు, ఇప్పుడు మా ఊరివాళ్లకు అన్నీ తెలుసు. పగిలిన రేకు చూపించారు, పాత చీరలు కట్టుకున్నారు, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకున్న ఒక పిల్లను ముందు వరసలో నిలబెట్టారు. లేనివన్నీ చక్కటి హిందీలో వరసగా చెప్పారు. వచ్చినవాళ్లు తలలూపుతూ రాసుకున్నారు.

నిధులొచ్చాయి. ఆ పిల్ల ఈ ఏడు బడికి పోతుంది, ఆ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కానీ ఆ రోజు తిరుగుదారిలో జీపులో వాళ్లిచ్చిన బిస్కెట్లు నములుతుంటే గుర్తొచ్చింది. నేను పుట్టిన ఊళ్లో, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా, తిన్నావా అని నన్ను ఒక్కరూ అడగలేదు.