మూడో రేకు

2019 సెప్టెంబరు 14, శనివారం, ఉదయం 10 గంటల 25 నిమిషాలకు నరుమి తెయిజి గారి దుకాణం ముందు ఒక బూడిదరంగు మోటారుసైకిలు ఆగింది. ఆయన చూపు అలవాటుగా మొదట పెట్టెల మీదికి వెళ్లింది. ఇరుపక్కలా అల్యూమినియం పెట్టెలు. ఎడమదాని తాళం చుట్టూ నూనె మరకలు ఉన్నాయి. ఏటా సెప్టెంబరులో నియిగతా నుంచి ఓడ మీద వచ్చే హిరగా గారి బండి అది. దిగినది మాత్రం ముప్పై ఏళ్ల స్త్రీ.

తెయిజి గారికి అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. రుమోయి రేవులో, సముద్రానికి 340 మీటర్ల దూరాన, ఒక చిన్న గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా తాళాలు బాగుచేస్తున్నారు. మే నుంచి అక్టోబరు దాకా తీరం వెంట తిరిగే మోటారుసైకిళ్ల పెట్టెలు, మంచు పడ్డాక స్నానశాలల లాకర్లు. భార్య పోయి పన్నెండేళ్లయింది; పిల్లలు లేరు. చలికాలంలో నాలుగైదు రోజులు ఎవరితోనూ మాట్లాడే అవసరమే రాదు. జనవరి ఒకటిన వచ్చే శుభాకాంక్షల కార్డులను ఆయన బల్ల మీద వరసగా నిలబెట్టి మార్చి దాకా తీయరు. ఆ ఏడు పదకొండు వచ్చాయి. హిరగా గారు తన కార్డులో ఇలా రాశారు: "పోయిన సెప్టెంబరు 20న వచ్చాను, మీ షట్టరు దించి ఉంది. ఎడమ పెట్టె తాళం తెరుచుకోవడం లేదు. ఇక్కడ ఎవరికీ చూపించను. మీ కోసం ఆగుతుంది."

"తెయిజి గారేనా? నేను హిరగా కసుమిని. మా నాన్న మార్చిలో పోయారు."

ఆయన తల వంచి నమస్కరించారు, చాలాసేపు ఎత్తలేదు. చావు కబురు కార్డులు ఆనవాయితీగా డిసెంబరులో గాని వేయరు; అందువల్ల ఆయనకు తెలిసే దారి లేదు.

"ఈ పెట్టె రుమోయి తెయిజి తప్ప ఎవడూ ముట్టుకోకూడదన్నారు. మా ఊళ్లో తాళాలాయన రంధ్రం వేస్తే ఐదు నిమిషాల పనన్నాడు. అమ్మ కూడా వేయించేయమంది. నాన్నే నూనె కొట్టి కొట్టి పాడుచేశారట. నిజమేనా?"

"చూడాలమ్మా. ఓడ ఎన్నింటికి?"

"ఒతారులో ఐదింటికి."

ఒతారుకు మూడు గంటల ప్రయాణం. బండ్లు గంట ముందే వరసలో ఉండాలి. ఒంటిగంటకు ఆమె బయలుదేరాలి.

ఈ తాళంలో ఐదు సన్నని ఇత్తడి రేకులు ఉంటాయి. సరైన తాళంచెవి పెడితే ఐదూ బ్యారెల్ (తాళంచెవితోపాటు తిరిగే గొట్టం) అంచుతో సమమవుతాయి. ఒకటి అంచు దాటి 0.10 మిల్లీమీటరు దాకా పొడుచుకొచ్చినా పర్వాలేదు. అంతకు మించితే, కొత్తలో కదిలించి తిప్పితే తిరుగుతుంది. దుమ్ము చేరాక అక్కడే పట్టేస్తుంది. తెయిజి గారు సూదితో ద్రావకం ఎక్కించారు. నల్లటి ముద్ద బయటికి వచ్చింది: నూనె, తీరపు ఇసుక, పెన్సిలు పొడి. తాళంచెవిని పెన్సిలుతో రుద్దమని చెప్పినది ఆయనే. నూనె మాత్రం వద్దని చెప్పారు. హిరగా గారు రెండూ చేశారు.

మధ్యలో పక్కనున్న సోబా నూడుల్స్ కొట్టు నడిపే కినుయె గారు రెండు గిన్నెలు తెచ్చిపెట్టి లోపలికి తొంగిచూశారు.

"ఏమండోయ్ తెయిజి గారూ, ఇంటికి చుట్టం వస్తే తాళంతోనా కబుర్లు? అమ్మాయీ, నువ్వు తిను. ఈయన చల్లారాక తింటాడు. వేడిగా తినడం మర్చిపోయాడు."

"ఇంకో పావుగంట, కినుయె గారూ."

"పన్నెండేళ్లుగా అదే పావుగంట!"

కసుమి నవ్వింది. తెయిజి గారు భూతద్దం దించలేదు.

12 గంటల 18 నిమిషాలకు తాళంచెవి తిరిగింది. లోపల బూజు పట్టిన వానకోటు, దాని కింద కాగితం చుట్టిన బియ్యపు అప్పచ్చుల డబ్బా. కాగితం మీద "తెయిజి గారికి" అని ఉంది. తినవలసిన గడువు ఫిబ్రవరితో తీరింది.

ఆమె డబ్బాను రెండు చేతులా అందించింది. ఆయన రెండు చేతులా అందుకున్నారు.

"పోయిన సెప్టెంబరులో నాన్న వచ్చిన రోజు మీరు ఎక్కడికి వెళ్లారు?"

"అసహికవా. కళ్ల పరీక్షకి."

"ఏడాదిలో ఎన్ని రోజులు మూస్తారేంటి?"

"పోయినేడు ఆ ఒక్కరోజే."

ఆయన పాత బ్యారెల్ ఊడదీసి, కొత్తదానిలో కొత్త రేకులు అమర్చి అదే తాళంచెవికి సరిపెట్టారు. పాతదాన్ని తుడుస్తుండగా మూడో రేకు పక్కన సూదిమొనంత చుక్క కనబడింది. రెండు పెట్టెలకూ ఒకే తాళంచెవి పడేలా తాను రేకులు మార్చిన ప్రతి బ్యారెల్ మీదా ఆయన వేసే గుర్తు అది. నోటుపుస్తకం తీశారు: హిరగా, ఎడమ పెట్టె, 2014.

"మరి తప్పు నాన్నదేనా? అమ్మకి ఏం చెప్పను?"

"ఈ మూడో రేకును నేనే అరగదీశానమ్మా. అది 0.10 లోపల ఉంటే తప్పు నూనెది. దాటితే నాది. కొలవాలి. ఒక్కసారి కొలిచి చెప్పేది కాదు, పదిసార్లు చూడాలి."

"అయితే కార్డు రాయండి. కొత్త సంవత్సరం కార్డు మాత్రం వద్దు, ఈసారి మాకు మైల."

"మామూలు కార్డే వేస్తాను."

12 గంటల 56 నిమిషాలకు ఆమె బయలుదేరింది. మలుపు దగ్గర ఎడమ చెయ్యి ఎత్తింది, దారిలో మోటారుసైకిళ్లవాళ్లు ఒకరికొకరు ఎత్తినట్టే. హిరగా గారు అక్కడే ఎత్తేవారు. తెయిజి గారు చెయ్యి ఎత్తేసరికి రోడ్డు ఖాళీ అయింది.

చల్లారిన సోబా తిన్నారు. నోటుపుస్తకంలోని అంకెల ప్రకారం ఆ తాళంచెవికి నకలు కోశారు. దాన్ని పాత బ్యారెల్‌లో పెట్టి, మూడో రేకు దగ్గర కొలిచి, బ్యారెల్ వ్యాసాన్ని అందులోంచి తీసేశారు. పదిసార్లు చేసి సగటు కట్టారు. డబ్బా విప్పి ఒక అప్పచ్చి నోట్లో వేసుకున్నారు, మెత్తబడిపోయింది. తరువాత కార్డు తీసి, నియిగతా చిరునామా రాసి, కింద మూడో రేకు ఎంత పొడుచుకొచ్చిందో మిల్లీమీటర్లలో రాశారు.

0.17