ఎలీసబెతు తీన్మార్ నడక

బోథ్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు ఎలీసబెతు చాలా ఏళ్లు వంట చేసింది. ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేత్తో ఉల్లిగడ్డలు అందుకుంటూ, మధ్యలో ఇద్దరు పిల్లల తగవు తీర్చి, ఆదివారం చర్చిలో ఏ పాట పాడాలో కూడా తేల్చేసేది. అలాంటి మనిషికి కొలువు దిగాక కుడిచెయ్యి ఊరికే వణకడం మొదలైంది. మాట సన్నబడింది. కాళ్లు నేలకు రాసుకోసాగాయి. కరీంనగర్‌లో నరాల డాక్టరమ్మకు చూపిస్తే, పార్కిన్సన్స్ అని చెప్పి మాత్రలు రాసింది. వేళ తప్పకుండా వేసుకోవాలని గట్టిగా చెప్పింది.

ఆ రోజు నుంచి భర్త ఫిలిప్ నీడలా వెంట తిరగసాగాడు. "మెల్లగ. గడప ఉన్నది. చెప్పు సరిగ తొడుక్కో. కింద చూడు" అని ఆగకుండా చెప్పేవాడు. తమాషా ఏమిటంటే, ఆయన మాట చెవిన పడగానే ఆమె కాళ్లు ఆగిపోయేవి. గడపల దగ్గర మరీను. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టయ్యేవి. మనసు ముందుకు పోయేది, ఒళ్లు పోయేది కాదు.

ఫిలిప్ మేనకోడలు ఆరాధన పెళ్లిలో అదే జరిగింది. పెళ్లికూతురిని చర్చిలోకి తీసుకెళ్లే పెద్దరికం ఎలీసబెతుకు ఇచ్చారు. కొత్త పట్టుచీర కట్టుకొని దర్జాగా మెట్లెక్కి, సరిగ్గా గుమ్మంలో ఆగిపోయింది. వెనక పెళ్లికూతురు, ఆమె వెనక పూలబుట్టల పిల్లలు, ఆ వెనక చుట్టాలు. అందరూ ఎండలో నిలబడిపోయారు. లోపల కీబోర్డు వాయించే బెంజమిన్ పాట అయిపోయేసరికి, చేసేదిలేక మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు.

"ఏమైందే? కుడికాలు ముందటెయ్యి. లేకుంటే ఎడమది ఎయ్యి. జర చూస్కొని" అన్నాడు ఫిలిప్ ఆమె చెవిలో.

"నువ్వు నోరు మూస్తే గని నా కాలు లేవదయ్యా" అంది ఆమె, ఉన్నచోటు నుంచి కదలకుండా.

పెళ్లికొడుకు దోస్తులు తెచ్చిన డప్పులవాళ్లు గేటు బయటే ఉన్నారు. పెళ్లి అయ్యేదాకా వాయించొద్దని పాస్టరుగారు చెప్పారు. మెట్ల మీద అంతమంది నిలబడి ఉండేసరికి, పెళ్లయిపోయి బయటికి వస్తున్నారనుకొని వాళ్లు తీన్మార్ అందుకున్నారు. ఆ దెబ్బ ఎలీసబెతు ఒంట్లో ఎక్కడ తగిలిందో గాని, కుడికాలు లేచింది. ఎడమకాలు లేచింది. గడప దాటింది. దాటాక నడవలేదు, ఆడింది. భుజాలు ఊగుతుంటే, వణికే చెయ్యి తాళంలో కలిసిపోతుంటే, బెంచీల మధ్య నుంచి తీన్మార్ వేసుకుంటూ సాగిపోయింది. ఆరాధన ఒక్క క్షణం బిత్తరపోయి, ముసుగు వెనక్కి నెట్టి తానూ అడుగు కలిపింది. పూలబుట్టల పిల్లలకు ఇంకేం కావాలి? బెంజమిన్ సువార్త పాటను అదే దెబ్బ మీదికి మళ్లించాడు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుస్తూ, ఏమీ చూడనట్టు పైకప్పు వైపు చూశారు. పాదం మాత్రం తడుతూనే ఉంది.

తర్వాత కరీంనగర్ వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఈ కథ విని పొట్ట పట్టుకొని నవ్వింది. "ఈ జబ్బులో నడకకు కావలసిన తాళం మెదడు లోపలి నుంచి సరిగా అందదు. బయటి నుంచి అందిస్తే కాలు లేస్తుంది. పాటైనా సరే, నేల మీద గీతైనా సరే" అంది. అడుగులు చిన్నవై ఉరుకులు పెడితే ఆగి, నిటారుగా నిలబడి, ఊపిరి తీసుకొని పెద్ద అడుగుతో మళ్లీ మొదలుపెట్టాలని నేర్పించింది. ఫిలిప్ వైపు తిరిగి, "ఆమె నడిచేటప్పుడు మీరు మాట్లాడకండి" అంది. ఆయనకు అంత చేదు మందు ఎవరూ రాయలేదు.

ఇంట్లో ప్రతి గడప ముందూ గీతలా పచ్చ టేపు అతుక్కుంది. ఫిలిప్ ఫోన్‌లో తీన్మార్ చేరింది. స్నానానికి వెళ్లినా తీన్మారే, మాత్ర వేసుకోవడానికి లేచినా తీన్మారే. "ఏందక్కా, మీ ఇంట్ల దినాం పెండ్లేనా?" అని పక్కింటి శంకరవ్వ గోడ మీదుగా అడిగింది.

వంటింట్లో మాత్రం తీన్మార్ పనిచేయలేదు. టీ పెడుతూ ఎవరితోనైనా మాట్లాడితే, చక్కెర వేసిందో లేదో, అసలు పొయ్యి ముట్టించిందో లేదో అర్థమయ్యేది కాదు. ఒకసారి అందరికీ వేడి చక్కెర నీళ్లు పోసింది. ఫిలిప్ రుచి చూసి, బాగుందని రెండో కప్పు అడిగాడు. కోడలు స్తుతి ఆ సాయంత్రమే గిన్నె, టీ ఆకు, చక్కెర, పాలు వరుసగా పేర్చి, టీవీ బంద్ చేసింది. "ఒక్క పని అయినంక ఇంకొకటి అత్తమ్మా. మాటలు టీ తాగుకుంట" అంది. టీ కుదిరింది.

తర్వాత మంచం కింద ఎలీసబెతు కంటికి మాత్రమే ఒక తెల్ల మేకపిల్ల కనబడసాగింది. ఆమె కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక ఫిలిప్ పరేషాన్ అయిపోయాడు. డాక్టరమ్మ మాత్రం, ఈ జబ్బులో ఒక్కోసారి లేనివి కనబడతాయని, దాచకుండా చెప్పడం మంచిదైందని చెప్పి ఒక మాత్ర మార్చింది. "కనబడితే, మీకూ కనబడుతోందా అని పక్కనున్నవాళ్లను అడగండి" అంది. మేక రావడం తగ్గింది.

ఒక మధ్యాహ్నం ఎలీసబెతు వరండాలో కూర్చొని కూరకు గోంగూర తుంచుతోంది. మేక వచ్చింది. ఈసారి బాగా పెరిగింది, రంగు కూడా నల్లబడింది.

"నువ్వు లెవ్వులే" అని దానికి చెప్పి, తన పని తాను చేసుకోసాగింది. మేక గోంగూర తింది. ఆమె చలించలేదు. పక్కనున్న కొత్తిమీర కట్ట కూడా తింది. దీనికి ఆకలి కూడా ఉందే అని ఆశ్చర్యపోయింది. అది కొంగు నమలడం మొదలుపెట్టాక గాని అనుమానం రాలేదు.

"స్తుతీ, గీ మ్యాక నీకు గూడ కనవడుతుందా?"

స్తుతి తొంగిచూసింది. "అయ్యో అత్తమ్మా, అది శంకరవ్వ మ్యాక."

ఇద్దరూ తలుపుకు ఆనుకొని నవ్వారు. శంకరవ్వ వచ్చి, మేకను చూసి, వీళ్లను చూసి, ఏమీ అర్థంకాక తానూ నవ్వింది. ఎవరికీ మేక మెడలో తాడు పట్టుకునే ఓపిక లేదు. అది పూర్తిగా తిని, తీరిగ్గా గేటు దాటిపోయింది.

ఫిలిప్ ఇంటికొచ్చి, చేతులు కడుక్కొని, కంచం ముందు కూర్చున్నాడు. "గోంగూర ఏదే?"

"గిప్పుడే పోయింది" అంది ఎలీసబెతు. మళ్లీ నవ్వు తన్నుకొచ్చి, మిగతా మాట చెప్పలేకపోయింది.