బేకరీ పెట్టిన కెప్టెన్

లైబ్రరీ వెనక గదిలో పుస్తకాలు కుట్టే పెద్దమనిషిని పిల్లలూ పెద్దలూ జిగురు బాబాయి అంటారు. ఆయన కుట్టిన పుస్తకం విప్పాలంటే ఇద్దరు పహిల్వాన్లూ ఒక గడ్డపారా కావాలి. ఒకసారి ఆయన జిగురు ఒలికిన కుర్చీలో ఎవరో కూర్చుని, మళ్లీ లేవలేక, కుర్చీతోనే ఇంటికెళ్లి, కుర్చీతోనే పెళ్లిపీటల మీద కూర్చున్నాడట. చెప్పింది బాబాయే. కుర్చీ ఒకటి కనబడకుండా పోయిన మాట మాత్రం నిజం.

ముప్పై ఏళ్లుగా వేల పుస్తకాలు బాగుచేశాడు కానీ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, "డాక్టరు తను రాసిన మందులన్నీ తనే మింగుతాడా?" అనేవాడు. ఆయన పద్ధతి ఆయనది. పుస్తకం అంటే పదహారేసి పేజీల కట్టల వరస. ఆ కట్టను ఫారం అంటారు. ఫారాలు విడదీసి, చిరుగులు అతికించి, పేజీల అంకెలు వరసగా కలిశాయో లేదో చూసి కుట్టేస్తాడు. అంకె కలిస్తే కథ చచ్చినట్టు కలుస్తుందని ఆయన ధీమా. ముప్పై ఏళ్లలో ఒక్క తప్పూ పోలేదని చెప్పుకోని రోజు లేదు.

వేసవి సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించే కార్యక్రమం మొదలయ్యాక, ముద్రలు వేసే గుమస్తా నడుం పట్టేసి ఇంట్లో పడుకున్నాడు. లైబ్రేరియన్ మేడం ఆ ముద్ర తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది. పిల్లలు పుస్తకం చదివి, వాపసు ఇచ్చి, చూడకుండా కథ చెప్పాలి. నమ్మకం కుదిరితే కార్డు మీద ముద్ర. పది ముద్రలు పడ్డ పిల్లలు ఏ పుస్తకం కోరితే అది లైబ్రరీ కొని, మొదటి పేజీలో వాళ్ల పేరు రాస్తుంది.

ఎనిమిదో తరగతి గడుగ్గాయి ఒకతె ఆ పేరు కోసం పంతం పట్టింది. మొదటి వారంలో అట్ట మీది బొమ్మ చూసి కథ అల్లి దొరికిపోయింది. ఆ తర్వాత బుద్ధిగా చదివి తొమ్మిది ముద్రలు సంపాదించింది. ఆఖరి రోజు పదో పుస్తకం ఇచ్చేసి, బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"కెప్టెన్ ఓడ తుఫానులో చిక్కుకుంది బాబాయ్. తెడ్డు విరిగింది. అప్పుడు కెప్టెన్ బేకరీ పెట్టాడు."

"పెడతాడు మరి. ఆకలేసి ఉంటుంది," అన్నాడు బాబాయి, ముద్రను సిరాలో అద్దుతూ.

"ఊరికే కాదు. శత్రువులు గుర్తుపట్టకుండా ఆడవేషం కట్టి, మీనాక్షి అని పేరు మార్చుకుని, పిండి పిసికాడు. రొట్టెలు మాడాయి. ఆ తర్వాత చేతులు కడుక్కుని మళ్లీ ఓడెక్కాడు."

అటుగా వెళ్తున్న మేడం ఆగిపోయింది. "ఆగండి బాబాయ్. ఆ పుస్తకం నేను మూడుసార్లు చదివాను. అందులో బేకరీ లేదు, మీనాక్షీ లేదు. ఏమ్మా, మళ్లీ మొదలెట్టావా?"

"ఉంది మేడం. ఒట్టు. వేషం సంగతి నేనే అనుకున్నా, లేకపోతే అతకట్లేదు. బేకరీ మాత్రం పుస్తకంలోనే ఉంది."

"కార్డు ఇలా ఇవ్వు. ముద్ర లేదు, పేరూ లేదు."

పిల్ల కార్డును వెనక్కి దాచుకుంది.

బాబాయి చేతిలో ముద్ర గాల్లోనే ఉండిపోయింది. మీనాక్షి అనగానే ఆయనకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఎండాకాలం మొదట్లో బల్ల మీద రెండు పుస్తకాలు విప్పి ఉన్నాయి, ఒకే కొలత, ఒకే రకం అక్షరాలు. ఒకటి ఓడది. రెండోదాని అట్ట మీద రొట్టెల బుట్టతో ఒకావిడ, పైన మీనాక్షి అని పేరు. కుడుతూ పిల్లలకి కుర్చీ కథ చెబుతున్నాడు ఆ రోజు. ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. పిల్ల ఎలాగూ ఒకసారి దొరికిన దొంగే, ఎవరూ నమ్మరు.

రెండుసార్లు దగ్గాడు. లేచి, వాపసు వచ్చిన పుస్తకాల్లోంచి ఓడ పుస్తకం తీసి, తొంభై ఏడో పేజీ తెరిచి మేడం ముందు పెట్టాడు. ఆ పేజీలో మీనాక్షి పొయ్యి వెలిగిస్తోంది.

"రెండు ఫారాలకీ తొంభై ఏడే మొదలు మేడం. అంకె చూశాను, అక్షరం చూడలేదు. పిల్ల నిజమే చెప్పింది. తప్పు నాది."

"ముప్పై ఏళ్లలో ఒక్కటీ పోలేదంటారుగా?"

"ఇది ముప్పై ఒకటో ఏడు."

మేడం నవ్వు ఆపుకుంటూ పదహారు పేజీలూ తిరగేసింది. ఆయన చేతిలోంచి ముద్ర తీసుకుని పదో గడిలో తనే వేసింది.

"ఈ ఆడవేషం అతుకు నాకూ తట్టేది కాదమ్మా. ఏ పుస్తకం కొనమంటావు?"

"కెప్టెన్‌దే. సరిగ్గా కుట్టింది."

బాబాయి తల గోక్కుంటూ రెండో పుస్తకం కోసం చదువుకునే హాల్లోకి నడిచాడు. అది కిటికీ పక్క కూర్చున్న దర్జీ తాత చేతిలో ఉంది.

"అది ఇలా ఇవ్వు పెద్దాయనా. మధ్యలో తప్పు కుట్టు పడింది."

దర్జీ తాత తలెత్తలేదు. "రేపు రా. బేకరీలోకి ఇప్పుడే సముద్రం వచ్చింది."