తేనెపిట్టల కోసం కొన్న మొక్కలు

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, సైనిక్‌పురిలో మా ఇంటి దగ్గరి నర్సరీకి వెళ్లాను. మా బాల్కనీకి తేనెపిట్టలు రావాలని ఎన్నాళ్లనుంచో కోరిక. నర్సరీ నడిపే మల్లయ్యగారు ఎర్ర మందారం, నూరువరహాలు ఏరి ఇచ్చారు. ఎర్రటి పూలంటే ఆ పిట్టలకు ప్రాణమట. కుండీలు ఆటోలోకి ఎక్కిస్తూ, ఎక్కడ పెడతారని అడిగారు. కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఎదురుగా ఉన్న బాల్కనీలో అన్నాను.

ఆయన చేయి ఆగిపోయింది.

“అద్దాల బిల్డింగా, మేడం?”

“అవునండి. ఏమైంది?”

“అద్దంల చెట్లు, ఆకాశం కనవడ్తయి. పిట్టలకేం ఎరుక? నిజమనుకొని ఉరుకుతయి. జెర ఆ గోడ కింద చూసినంకనే పెట్టుండ్రి.”

నవ్వేసి వచ్చాను. కానీ కుండీలు బాల్కనీలో సర్దాక మనసొప్పక రోడ్డు దాటి వెళ్లాను. అద్దాల గోడ వెంట వాచ్‌మన్ ఊడుస్తున్నాడు. చేటలో ఎండుటాకుల మధ్య నీలంగా ఏదో మెరిసింది. తేనెపిట్ట. మెడ వాలిపోయి ఉంది. దాని పక్కన ఇంకొకటి.

“రోజూ ఉంటయి మేడం,” అన్నాడు, చాలా మామూలుగా.

పరుగున వచ్చి కుండీలన్నీ వెనక వరండాలోకి ఈడ్చాను. ఆఖరి మందారం కోసం వచ్చేసరికి దాని మీద అప్పటికే ఒక పిట్ట వాలి ఉంది. నా అడుగుల చప్పుడుకి బెదిరి, తిన్నగా ఎదురుగా ఉన్న అద్దం వైపు ఎగిరింది. టప్‌మని చిన్న చప్పుడు వినిపించింది. అంతే.

మా ఇంటికి వచ్చిన మొదటి పిట్టను నేనే అటు తరిమాను. మీ ఆఫీసులకూ అద్దాలేగా? రేపు లోపలికి వెళ్లేముందు ఆ గోడ కింద ఒకసారి చూసి, ఏం కనిపించిందో ఇక్కడ రాయండి.