ఎనభై అడుగుల గీత

ఆర్వో పెల్టోలా పెన్సిల్ చెక్కుతాడు. అందరూ చెక్కుతారు, కాదనను. కానీ అందరూ రాయడానికి చెక్కుతారు. ఆర్వో మాత్రం చెక్కీ చెక్కీ విసుగు పుట్టినప్పుడు కాస్త రాస్తాడు. అంగుళం గీత గీసి ఆగుతాడు. మొనను కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తాడు. నిట్టూరుస్తాడు. జేబులోంచి చాకు తీస్తాడు. ఆ పక్క బల్ల నాది. పదకొండేళ్లలో నా కాఫీలో పంచదార కన్నా పెన్సిల్ పొట్టే ఎక్కువ పడింది.

ఒక ఎన్నికలప్పుడు ఆర్వో ఓటు వేసే గదిలోకి వెళ్లి ఇరవై నిమిషాలైనా బయటికి రాలేదు. ప్రజాస్వామ్యానికి ఏమైనా అయిందేమోనని అధికారి తెర తొలగించి చూశాడు. లోపల ఆర్వో, తాడుకి కట్టిన పెన్సిల్‌ని మోకాలికి ఆనించి చెక్కుతున్నాడు.

“ఇంతసేపా? ఎవరికి వేశావయ్యా?”

“ఇంకా వెయ్యలేదు. దీంతో గీస్తే ఒకటే గీత ఇద్దరి మీదా పడేట్టుంది.”

మా ఆఫీసు పనేమిటో చెప్పాలి. చెప్పాలంటేనే నీరసం వస్తుంది. అమెరికా ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ప్రాంతంలో సగం నేల, సగం చిత్తడి. ఆ చిత్తడిలో ఎవరైనా తట్టెడు మట్టి పోయాలన్నా అనుమతి కావాలి. మొదట్లో అనుమతులన్నీ కేంద్రం వాళ్లే ఇచ్చేవారు. తరవాత రాష్ట్రంతో పంచుకుందామన్నారు. పెద్ద సరస్సు, ఓడలు తిరిగే నదులు, వాటి నీళ్లు ఎక్కే మేర నుంచి మూడొందల అడుగుల వరకూ ఉన్న చిత్తడి వాళ్లవి. మిగతా కుంటలు, మడుగులు, దోమలు మావి. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే నాకెక్కువ కావాలంటే నాకెక్కువ కావాలని కొట్టుకుంటారు. ఈ రెండు ఆఫీసులూ నీకే ఉండనీ, నీకే ఉండనీ అని కొట్టుకున్నాయి. ఆ పంపకం గీతను రెండు వందల పన్నెండు పటాల మీద గీయడం మా ఇద్దరి పని. నేను వారానికి తొమ్మిది పటాలు గీసేవాణ్ని. ఆర్వో ఒకటిన్నర.

మా పై అధికారి క్లెమ్ బోషాంప్ రోజూ ఉదయం వచ్చి ఆ బల్ల ముందు నిలబడేవాడు.

“ఆర్వో, ఈ పటం ఎప్పుడవుతుంది?”

“పెన్సిల్ సిద్ధం కాగానే.”

“పెన్సిల్ ఎప్పుడు సిద్ధమవుతుంది?”

“తొందరపెడితే విరుగుతుంది.”

“నేను రిటైరయ్యే లోపలా, పోయే లోపలా?”

“ఏది ముందో చెప్పండి, దాన్ని బట్టి చూద్దాం.”

విసిగిపోయి క్లెమ్ ఒకసారి పిడి తిప్పితే చెక్కే యంత్రం కొని తెచ్చాడు. ఆర్వో రెండు చేతులా అందుకుని, ఒకే ఒక్క పెన్సిల్ అందులో చెక్కి చూసి, “మొన అడిగితే మేకు ఇస్తోందండీ,” అని యంత్రాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టాడు.

ఇలా ఉండగా, ఒక అక్టోబరు మంగళవారం హిల్మా హౌటాలా వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, రబ్బరు బూట్లు, చంకలో ఉత్తరాల కట్ట.

“నాయనా, నేనెవరి నీళ్లలో ఉన్నాను?” అంది.

“అదేం ప్రశ్న, హిల్మమ్మా?” అన్నాను.

“మా ఇంటికీ ఆవిరిస్నానం కొట్టానికీ మధ్య అరవై అడుగుల బురద. రెండు లారీల కంకర పోసుకుంటామని మూడేళ్ల కింద అర్జీ పెట్టాను. కేంద్రం వాళ్లు ఇది గీతకి బయట ఉంది, రాష్ట్రాన్నడుగు అన్నారు. మీరేమో ఇది గీతకి బయట ఉంది, కేంద్రాన్నడుగు అన్నారు. ఎవరి ఉత్తరంలో వాళ్లు ఎంత మర్యాదగా రాశారో! చదివితే పొంగిపోతాం. పోయిన శనివారం మా ఆయన ఈనో మోకాళ్ల దాకా దిగబడ్డాడు. ట్రాక్టరు పెట్టి లాగాం. మనిషొచ్చాడు, బూటు రాలేదు.”

“అయ్యో, దెబ్బలేమైనా...”

“దెబ్బల్లేవు. పరువే పోయింది. ఒంటి మీద తువాలు తప్ప ఏమీ లేదు. ట్రాక్టరు పాస్టరుగారిది.”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. “నెలాఖరుకి నేల గడ్డకడుతుంది, కంకర పొయ్యనివ్వదు. ఆ మంచు మీద ఎనభై రెండేళ్ల మనిషి నడుస్తాడు. వద్దంటే వినడు. శనివారం ఆవిరిస్నానం మానమంటే ఊపిరి మానమన్నట్టే. బురద బూటుతో సరిపెట్టుకుంది. మంచు తుంటి విరిచి గానీ వదలదు.”

ఆర్వో చాకు మడిచి, లేచి, నలభై ఏడో పటం తీశాడు. ఆ పటం నాది. లేళ్ల వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం, ఆఫీసు సగం ఖాళీ అయ్యాక, తుపాకీ కారులో పెట్టుకుని వచ్చి గీసింది. అదీ నీలం స్కెచ్ పెన్‌తో. పెన్సిల్ పట్టుకుంటే ఆర్వో చెక్కి ఇస్తానని లాక్కుంటాడుగా!

ఆర్వో స్కేలు పెట్టి చూశాడు. “అంగుళానికి రెండు వేల అడుగులు. గీత మందం ఒక మిల్లీమీటరు. అంటే నేల మీద ఎనభై అడుగులు. హిల్మమ్మా, మీరు గీతకి అవతలా లేరు, ఇవతలా లేరు. గీతలోనే కాపురం ఉంటున్నారు.”

“గీతలోనా? పోస్టు మాత్రం సరిగానే వస్తోందే!”

ఆవిడ వెళ్లాక ఆర్వో సొరుగులోంచి ఒక పాత నోటు పుస్తకం తీశాడు. పటం పటానికీ ఒక పేజీ: గీత ఎవరి దొడ్లోంచి పోతోంది, ఎవరి పడవ రేవు కింద పడుతోంది, ఎవరి బావి దాని పక్కనుంది. ఆదివారాలు చర్చి అయ్యాక ఊరంతా తిరిగి రాసుకున్నాడట.

“నువ్వు చెక్కేది ఇందుకా?” అన్నాను.

“గీత కింద మనుషులుంటారోయ్. సన్నగా ఉంటే తప్పుకోడానికి చోటుంటుంది. నీ పెన్సిల్ పటాలు ఎప్పుడో సన్నం చేసి పెట్టాను. ఈ స్కెచ్ పెన్నే రబ్బరుకి లొంగలేదు. కొట్టం దగ్గర కొలుద్దామని రెండుసార్లు వెళ్లానుగానీ, అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు.”

మర్నాడు ఇద్దరం టేపు పట్టుకుని బురదలో దిగాం. నీళ్లెక్కే మేర నుంచి మూడొందల అడుగులు కొలిచాం. ఆర్వో మూడుసార్లు కొలిచి, నాలుగోసారి నాచేత కొలిపించాడు. అసలు గీత కొట్టం దాటి ఇరవై అడుగులు సరస్సు వైపు పోయింది. ఇల్లూ, బురదా, కొట్టం అన్నీ మా వైపే.

కానీ రెండు ఆఫీసులూ సంతకాలు పెట్టిన పటం దిద్దాలంటే ఒక ఫారం ఉంది. తప్పు చేసినవారి పేరు, కారణం, సంతకం. ఆ పేరు ఎర్ర సిరాతో సర్వీసు పుస్తకంలోకెక్కుతుంది. నా ప్రమోషన్ కాగితం ఆ వారమే క్లెమ్ బల్ల మీదుంది.

గురువారం కేంద్రం నుంచి విట్‌కోంబ్ వచ్చాడు. నవ్వితే జీతం కోస్తారన్నంత గంభీరమైన మనిషి. పటం పరిచారు. నా గీత బల్ల మీద మిస్సిసిపీలా మెరిసింది.

“ఎవరు గీశారిది?” అన్నాడు క్లెమ్.

నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

“నేనే,” అన్నాడు ఆర్వో.

క్లెమ్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. “నువ్వా?”

“నేనే. పెన్సిల్ మొద్దుబారింది.”

విట్‌కోంబ్ వంగి చూశాడు. “ఇది నీలం సిరా కదా?”

“బాగా మొద్దుబారింది,” అన్నాడు ఆర్వో.

క్లెమ్ మీసం కొరుక్కుంటూ నా వైపు ఒకసారి చూసి, ఫారం ముందుకి లాక్కుని, అక్షరం పొల్లుపోకుండా రాశాడు: ‘కారణం – పెన్సిల్ మొద్దుబారుట.’ విట్‌కోంబ్‌కి అడగాలనే ఉంది. కానీ సంతకం పెడితే ఆ అరవై అడుగుల బురద తన మెడ మీంచి దిగిపోతుందని తోచగానే, సిరా రంగు మీద ఆసక్తి పోయింది. పెట్టేశాడు. అంత పచ్చి అబద్ధం మీద మా ఆఫీసు ముద్ర అంతకు ముందూ పడలేదు, ఆ తరవాతా పడలేదు.

సోమవారం అనుమతి, బుధవారం కంకర. శనివారం హిల్మమ్మ మమ్మల్నిద్దరినీ ఆవిరిస్నానానికి పిలిచింది. ఈనో తువాలు చుట్టుకుని, ఇంట్లో చెప్పులతోనే, కొత్త కంకర మీద కరకరలాడిస్తూ ముందు నడిచాడు. పాస్టరుగారిల్లు కనిపించినచోట కావాలనే కాస్త నెమ్మదించాడు.

నేను వెనక నుంచి ఆర్వో మోచెయ్యి పట్టుకున్నాను. “పదకొండేళ్లు కూడబెట్టుకున్న పేరు నాకోసం పోగొట్టుకున్నావు కదయ్యా. ఇప్పుడు ఊరంతా ఆర్వో పెన్సిల్ మొద్దు అంటున్నారు.”

“పేరుదేముంది, చెక్కితే మళ్లీ వస్తుంది,” అన్నాడు ఆర్వో. “నడు, ఆవిరి చల్లారిపోతుంది.”