కడుపు నిండిన మాట

పరాయి దేశంలోని ఆ కుట్టుమిషన్ల హాలులో వయసులో అందరికంటే పెద్దది ఆమే. మిషను తొక్కుతూ, సాయంత్రం క్లాసులో నేర్చిన ఇంగ్లీషు మాటల్ని పెదాల మధ్యే నములుతూ ఉంటుంది. ఎవరైనా చూస్తే దారం కొరుకుతున్నట్టు నటిస్తుంది. ఒక ఆదివారం సూపర్‌వైజరు ఆమెను భోజనానికి పిలిచాడు. అతని ముసలితల్లికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. ఆవిడ మళ్లీ వడ్డించబోతే, ఇక చాలని చెప్పాలనుకుని ఆమె నిండుగా నవ్వి, "అయామ్ ఫెడప్" అంది. ఆవిడ గరిటె వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెబితే కూతురు తల పట్టుకుంది. "అమ్మా, ఫెడప్ అంటే కడుపు నిండిందని కాదే, విసుగొచ్చిందని!" ఆమెకు తల కొట్టేసినట్టయింది. "అయ్యో, అన్నం పెట్టిన మనిషిని అంత మాటన్నానా?" మర్నాడు పనికి వెళ్లకముందే ఆ ఇంటి తలుపు తట్టింది. దారంతా వల్లించుకున్న క్షమాపణ, ముసలావిడ మొహం చూడగానే మరిచిపోయింది. తలవంచుకుని, ఇంకాస్త పెట్టమన్నట్టు దోసిలి పట్టింది. ముసలావిడ తలుపు బార్లా తీసింది.