పడుగు మీద ఫ్లెక్సీలు

పొందూరు పక్క ఊరి నేతవీధిలో, మగ్గం గుంట పక్కనే పుట్టాడు లక్ష్ముడు. తండ్రి పోయాక మేనత్త తవిటమ్మ అతని చేతికి పోగు నడిపే నాడె ఇచ్చి నేత నేర్పింది. నలభై దాటేసరికి వీధిలో సగం మగ్గాలు అతనివే. అతని పంచెలు సాలూరు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోయేవి.

2013 వానాకాలంలో సర్పంచి పదవికి నిలబడ్డాడు. కత్తెర గుర్తు వచ్చింది. నేతగాడికి కత్తెరేటని వీధంతా నవ్వింది. నవ్వనిది తవిటమ్మ ఒక్కతే. జీపెక్కినోడికి నేల కానరాదంది. వీధి ఆమె మాట వింటుంది. ఆ ఓట్లు పోటీగా నిలబడ్డ కూర్మయ్యకు పోతే గెలుపూ అటే పోతుంది.

ప్రచారానికి ఆఖరి రోజు. మగ్గాలు ఆపి అందరూ ఊరేగింపుకి రావాలన్నాడు లక్ష్ముడు. వచ్చారు. డప్పులు దుమ్ము లేపాయి. జీపు మీద అతని ఒళ్లు పులకరించింది. సాయంత్రం ఐదుకి ప్రచారం బందు. ఆలోగా సంతబయలు చేరి మాట్లాడాలి. ఆ తర్వాత నోరు విప్పకూడదు.

నేతవీధి మలుపులో డప్పులు ఆగాయి. వీధి పొడవునా చాచిన నిలువు పోగుల పడుగు. పోగులకు పట్టించిన గంజి ఇంకా ఆరలేదు, చుట్టి తీయడానికి లేదు. కుంచె పట్టుకుని తవిటమ్మ ఒక్కతే ఉంది. తూర్పున మబ్బు నల్లగా దిగుతోంది. చినుకు పడితే గంజి కారి, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడుగు మీదికి మబ్బొస్తే పగవాడైనా వచ్చి చెయ్యి వెయ్యాలి. అది ఆ వీధి కట్టు. ఆ వేళ చేతులన్నిటినీ లక్ష్ముడే పట్టుకుపోయాడు.

పక్క సందులోంచి పోదామన్నారు వెంట ఉన్నవాళ్లు. టైము లేదన్నారు.

"ఏటి సూస్తన్నావురా? ఓటెయ్యనన్నది నాను. పోగులేటి సేసాయి నీకు?" అంది తవిటమ్మ.

లక్ష్ముడు జీపు మీంచి దూకాడు. ఫ్లెక్సీలు విప్పమన్నాడు. కర్రల నుంచి, గోడల నుంచి ఊడబీకి, జనం బారుగా నిలబడి పడుగు మీద పందిరిలా పట్టారు. వాన దంచింది. చేతులు జోడించిన లక్ష్ముళ్లు వరసగా తడిసిపోయారు.

అయినా చివర కొంత మిగిలింది. "సాలవు. కూర్మిగాడివి కూడా తేండి," అంది తవిటమ్మ.

కబురు వెళ్లకముందే కూర్మయ్య తన ఫ్లెక్సీ తానే మోసుకొచ్చాడు.

"బావా, నీకంటే నా మొగమే ఎడల్పు," అన్నాడు.

వీధంతా ఒక్కసారి నవ్వింది. ఐదు దాటిపోయింది. సంతబయల్లో మైకు ఖాళీగా తడిసింది. పడుగు తడవలేదు.

లక్ష్ముడు గెలిచాడు, పంచె అంచంత తేడాతో. గెలుపు ఊరేగింపు మలుపు తిరిగేసరికి వీధిలో మళ్లీ పడుగు. అతనే చెయ్యెత్తి డప్పులు ఆపించాడు.

"సర్పంచిగారూ, తవరు ఆ కొస పట్టండి," అంది తవిటమ్మ.

మెడలో దండలు జీపులో పడేసి, లక్ష్ముడు కొస పట్టాడు.